ఓటు హక్కు ఇచ్చారు సరే, ఓటు ఎందుకు పడటం లేదు?

దక్షిణ కొరియా 2005లో చట్టం మార్చి, శాశ్వత నివాస అనుమతి వచ్చి మూడేళ్ళు దాటిన విదేశీయులకు స్థానిక ఎన్నికల్లో ఓటు ఇచ్చింది. ఆసియాలో ఈ పని ముందుగా చేసిన దేశం అదే. 2006 ఎన్నికల నాటికి అలాంటి ఓటర్లు ఏడు వేల మంది లోపే ఉండేవారు. 2022 వచ్చేసరికి లక్షా ఇరవై వేలు దాటారు. కానీ ఓటు వేసేవాళ్ళ శాతం మాత్రం పడిపోతూ వచ్చింది. 2010లో సుమారు 35 శాతం మంది వేస్తే, 2022లో వేసింది దాదాపు 13 శాతం మందే.

స్వీడన్ అనుభవమూ ఇలాంటిదే. అక్కడ మూడేళ్ళు నివాసం ఉన్న విదేశీయులకు స్థానిక ఓటు ఇస్తూ 1975లో నిర్ణయం తీసుకున్నారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆ ఓటర్లలో దాదాపు 60 శాతం మంది పోలింగ్ కేంద్రాలకు వచ్చారు. స్వీడన్ మొత్తం మీద పోలింగ్ 90 శాతం ఉన్న రోజులవి. ఆ లెక్కన తక్కువే అయినా, కొత్తగా వచ్చిన హక్కుకు అది మంచి మొదలు. 2000ల నాటికి అది 35 శాతం దగ్గరికి దిగింది.

ఈ అంకెలు చూపించి "వాళ్ళకు ఆసక్తి లేదు, ఇవ్వడమే అనవసరం" అనేవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు. ఆ మాట తొందరపాటు. హక్కు ఇచ్చే చట్టం ఒక ఎత్తు, ఆ హక్కు మనిషి చేతి దాకా చేరడం మరో ఎత్తు. చాలా ప్రభుత్వాలు మొదటిది చేసి, రెండోది దానంతట అదే జరుగుతుందని వదిలేశాయి.

అసలు పౌరులు కానివాళ్ళకు ఓటు ఏమిటి అని ఆశ్చర్యపోయేవాళ్ళ కోసం కొంత నేపథ్యం చెప్పాలి. ఇది ఈ మధ్య పుట్టిన ఆలోచన కాదు. స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్ ప్రాంతంలో 1849లోనే విదేశీయులకు మున్సిపల్ ఓటు ఇచ్చారు, మధ్యలో కొంతకాలం ఆగినా తర్వాత మళ్ళీ కొనసాగింది. అమెరికాలో 19వ శతాబ్దంలో చాలా రాష్ట్రాలు, పౌరసత్వం తీసుకుంటానని ముందుగా ప్రకటించిన వలసదారులను ఓటు వేయనిచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి విదేశీయుల మీద అనుమానం పెరిగి ఒక్కో రాష్ట్రం ఆ తలుపు మూసేస్తూ వచ్చింది. చివరిగా మూసింది ఆర్కాన్సా, 1926లో. ఐర్లాండ్ 1963 నుంచే తన దగ్గర నివసించే ఎవరికైనా, ఏ దేశం వాళ్ళకైనా స్థానిక ఓటు ఇస్తోంది. ఎన్నేళ్ళుగా ఉంటున్నారనే షరతు కూడా పెట్టలేదు. డెన్మార్క్ 1981లో, నార్వే 1983లో ఈ దారి పట్టాయి. నెదర్లాండ్స్‌లో 1986 మున్సిపల్ ఎన్నికల నుంచి అమలైంది. న్యూజిలాండ్ అందరికంటే ముందుకెళ్ళి, 1975లో శాశ్వత నివాసులకు పార్లమెంటు ఎన్నికల్లోనే ఓటు ఇచ్చింది. ఇక 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందంతో యూరోపియన్ యూనియన్ పౌరులకు యూనియన్‌లో ఎక్కడ నివసిస్తే అక్కడ మున్సిపల్ ఓటు వచ్చింది.

స్థానిక ఓటే ఎందుకు? బడి, చెత్త, నీళ్ళు, సిటీ బస్సు, వీధి దీపం, ఇంటి అద్దెల మీద నియమాలు, ఇవన్నీ ఆ ఊళ్ళో ఉండే మనిషికి పాస్‌పోర్ట్‌తో సంబంధం లేకుండా తగులుతాయి. పన్ను కూడా పాస్‌పోర్ట్ చూసి వేయరు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో టకోమా పార్క్ అనే చిన్న పట్టణానికి ఈ ఆలోచన పుస్తకాల నుంచి రాలేదు. 1990 జనాభా లెక్కల తర్వాత వార్డులను మళ్ళీ గీస్తుంటే, జనాభా సమానంగా ఉన్న వార్డుల్లో ఓటర్ల సంఖ్య మాత్రం చాలా తేడాగా ఉందని తేలింది. కొన్ని వార్డుల్లో పౌరులు కాని కుటుంబాలు ఎక్కువ. అంటే ఒక కౌన్సిలర్ తన వార్డులో పెద్ద భాగాన్ని అసలు పట్టించుకోకుండానే గెలవవచ్చు. 1991లో ప్రజాభిప్రాయం అడిగితే 1,199 మంది అవునన్నారు, 1,107 మంది కాదన్నారు. అంత స్వల్ప తేడాతో గెలిచిన ఆ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది.

మళ్ళీ పోలింగ్ శాతాల దగ్గరికి వద్దాం. ఈ శాతాలను చదివేటప్పుడు చాలామంది మరచిపోయే విషయం ఒకటుంది. ఒక దేశంలో బాగా కుదురుకున్నవాళ్ళు, భాష వచ్చినవాళ్ళు, రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు కొన్నేళ్ళకు పౌరసత్వం తీసుకుంటారు. తీసుకున్న రోజే వాళ్ళు "విదేశీ ఓటర్ల" లెక్కలోంచి బయటికి వెళ్ళిపోతారు. వాళ్ళ చోటులోకి నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు చేరతారు. కాబట్టి ఈ వర్గం ఎప్పుడూ కొత్తవాళ్ళతోనే నిండి ఉంటుంది, శాతం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. పైగా స్వీడన్‌లో 1976 నాటి విదేశీ ఓటర్లలో ఫిన్లాండ్ నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు. తర్వాతి దశాబ్దాల్లో దూరదేశాల నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్ళ వాటా పెరిగింది. వాళ్ళనూ వీళ్ళనూ ఒకే గీత మీద పోల్చి "ఆసక్తి తగ్గింది" అనడం సరికాదు.

అయినా తగ్గుదల అంతా లెక్కల మాయే అనలేం. దారిలో నిజమైన అడ్డంకులున్నాయి. అన్నిటికంటే పెద్దది నమోదు.

జెనీవాలో ఎనిమిదేళ్ళుగా స్విట్జర్లాండ్‌లో చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయుడు మున్సిపల్ ఓటు కోసం ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, ఏ ఫారమూ నింపనక్కర్లేదు. 2005లో అక్కడి ఓటర్లు ఈ హక్కును ఆమోదించారు. నివాస రికార్డు ప్రభుత్వం దగ్గర ఎలాగూ ఉంటుంది కాబట్టి, ఎన్నిక ముందు పక్కింటి స్విస్ పౌరుడికి వచ్చినట్టే ఇతనికీ పోస్టులో కవరు వస్తుంది. లోపల ఓటు పత్రాలు, ఒక ఓటు కార్డు ఉంటాయి. కార్డు మీద పుట్టిన తేదీ రాసి, సంతకం చేసి, పోస్టులో వేస్తే సరిపోతుంది. ఆ కవరు వచ్చిన ప్రతివాడూ ఓటు వేస్తాడని కాదు. కానీ వేయాలనుకున్నవాడికి మధ్యలో ఆఫీసు ఏదీ అడ్డురాదు.

బెల్జియంలో సంగతి వేరు. 2004 చట్టంతో యూరోపియన్ యూనియన్ బయటి దేశాలవాళ్ళకూ ఐదేళ్ళ నివాసం తర్వాత మున్సిపల్ ఓటు వచ్చింది, 2006లో మొదటిసారి వేశారు. అయితే వాళ్ళు తమంతట తామే మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తులోనే, బెల్జియం రాజ్యాంగాన్నీ చట్టాలనూ గౌరవిస్తానని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. యూరోపియన్ పౌరులకు ఆ షరతు లేదు. ఐదేళ్ళుగా అక్కడే పనిచేస్తూ, పన్ను కడుతూ, పిల్లల్ని అక్కడి బడికే పంపుతున్న మనిషిని, ఓటు దగ్గరికి వచ్చేసరికి "నువ్వు మా చట్టాన్ని గౌరవిస్తావా" అని విడిగా అడగడం ఎంత చిన్నబుచ్చే పనో చెప్పనక్కర్లేదు. చివరికి అర్హుల్లో ఐదో వంతు కూడా నమోదు కావడం లేదు. నమోదైనవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. బెల్జియంలో ఓటు తప్పనిసరి కాబట్టి, ఒకసారి పేరు ఎక్కితే వేయక తప్పదు. ఫ్లాండర్స్ ప్రాంతంలో మాత్రం 2024 స్థానిక ఎన్నికల నుంచి ఈ నిర్బంధం తీసేశారు. "పేరు ఎక్కించుకుంటే ఏ జరిమానా మీద పడుతుందో" అని భయపడి ఊరుకునేవాళ్ళను తప్పుపట్టలేం.

లక్సెంబర్గ్ జనాభాలో దాదాపు సగం మంది విదేశీయులే. అక్కడి ప్రభుత్వం ఈ విషయంలో గట్టిగానే ప్రయత్నించింది. ఐదేళ్ళ నివాసం షరతును 2022లో ఎత్తేసింది. అంతకుముందు ఎన్నికకు 87 రోజుల ముందే నమోదు గడువు ముగిసేది, దాన్ని 55 రోజులకు తగ్గించింది. ఆన్‌లైన్‌లో నమోదు పెట్టింది, "నేను ఓటు వేయగలను" అంటూ పలు భాషల్లో ప్రచారం నడిపింది. అయినా 2023 జూన్ మున్సిపల్ ఎన్నికలకు అర్హులైన విదేశీయుల్లో ఐదో వంతు దగ్గరే నమోదు ఆగిపోయింది. ఇది నిరాశ కలిగించే అంకె, దాచిపెట్టాల్సిన పని లేదు. గడువు 55 రోజులకు వచ్చినా సమస్య అలాగే ఉంది. ఊళ్ళో పోస్టర్లు, చర్చలు, అభ్యర్థుల తిరుగుడు అన్నీ ఆఖరి నెలలోనే జోరందుకుంటాయి. అప్పుడు "నేనూ వేస్తే బాగుండు" అనిపించినవాడికి గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ఐర్లాండ్‌లో అడ్డంకి ఎక్కడుందో చూస్తే, చిన్న నియమం ఎంత పని చెడగొడుతుందో తెలుస్తుంది. అసలు జాబితా గడువు దాటాక పేరు చేర్చుకోవాలంటే, చాలాకాలం పాటు ఫారం పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి అధికారి ఎదుట సంతకం పెట్టాల్సి వచ్చేది. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు అది పది నిమిషాల పని. పోలీసులను చూస్తేనే వణుకు పుట్టే దేశం నుంచి వచ్చినవాడికి, ఆశ్రయం కోసం పెట్టుకున్న దరఖాస్తు ఇంకా తేలనివాడికి అది మామూలు టెన్షన్ కాదు. 2022లో వచ్చిన ఎన్నికల సంస్కరణ చట్టంతో ఏడాది పొడవునా నమోదు చేసుకునే పద్ధతి వచ్చింది. సామాజిక భద్రత నంబరు, పుట్టిన తేదీ, ఇంటి పిన్‌కోడ్ ఇస్తే ఆన్‌లైన్‌లోనే పని అయిపోతుంది. హక్కు మాత్రం 1963 నాటిదే. దాన్ని అందుకునే దారి సులువు కావడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది.

నమోదు తర్వాత భాష, పద్ధతి వస్తాయి. ఐర్లాండ్ ఓటు పత్రంలో ఒక గుర్తు పెట్టి ఊరుకోవడం కాదు, అభ్యర్థుల పేర్ల పక్కన ఇష్టాన్ని బట్టి 1, 2, 3 అని అంకెలు వేసుకుంటూ పోవాలి. ఒకే వార్డు నుంచి అనేకమంది గెలుస్తారు. మొదటిసారి చూసేవాళ్ళు తికమకపడటం సహజం. ఓటర్ల జాబితాలో పేరు పక్కన ఒక అక్షరం ఉంటుంది, 'ఎల్' అని ఉంటే ఆ ఓటరు స్థానిక ఎన్నికలకే అర్హుడని అర్థం. ఇది ముందే తెలియకపోతే, పార్లమెంటు ఎన్నికల రోజు పోలింగ్ కేంద్రానికి వెళ్ళి వెనక్కి రావాల్సి వస్తుంది. అలా ఒకసారి అందరి ముందు వెనుదిరిగినవాడు స్థానిక ఎన్నికకైనా మళ్ళీ వస్తాడని ఆశించడం కష్టం.

ఇక భయం. శాన్‌ఫ్రాన్సిస్కోలో పిల్లల తల్లిదండ్రులకు, పౌరులు కాకపోయినా, స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు ఇస్తూ 2016లో ఓటర్లు ఆమోదించారు. మొదటి ఎన్నిక 2018లో వచ్చింది. ఈ రెండేళ్ళ మధ్యలో దేశంలో వలసదారుల మీద గాలి మారిపోయింది. నమోదు చేసుకునేవాళ్ళను నగర యంత్రాంగమే హెచ్చరించాల్సి వచ్చింది: మీరిచ్చే పేరు, చిరునామా వలస విభాగం అధికారుల చేతికి వెళ్ళే అవకాశం ఉంది, ముందు న్యాయసలహా తీసుకోండి అని. ఆ మాట దాచకుండా చెప్పడం నిజాయతీ. ఆ మాట చదివాక ఎంతమంది ముందుకొస్తారు? అంత పెద్ద నగరంలో ఆ ఏడాది నమోదైనవాళ్ళు వంద మంది కూడా లేరు. ఓటర్ల జాబితా వలస విభాగం చేతికి వెళ్ళదనే గట్టి చట్టం లేనిచోట ఎన్ని కరపత్రాలు పంచినా ఫలితం ఉండదు.

ఇవన్నీ దాటినా ఇంకో లోటు మిగులుతుంది. ఎవరూ వచ్చి అడగరు. పార్టీల కార్యకర్తలు ఓటర్ల జాబితా పట్టుకుని తిరుగుతారు. జాబితాలో పేరు లేని ఇంటి తలుపు తట్టరు. తలుపు తట్టకపోతే జాబితాలో చేరాలన్న ఆలోచన ఆ ఇంట్లో పుట్టదు. ఈ వలయాన్ని తెంచే శక్తి ఉన్నది పార్టీలకే. కొరియా చట్టం అక్కడే చేతులు కట్టేసింది. శాశ్వత నివాసికి స్థానిక ఓటు ఉంది కానీ, ఏ పార్టీలోనూ సభ్యుడిగా చేరే హక్కు లేదు. పార్టీ సమావేశంలో చోటు లేనివాడి సమస్య పార్టీ మేనిఫెస్టోలోకి ఎలా వస్తుంది? అక్కడ పోలింగ్ అంతగా పడిపోవడంలో దీని పాత్ర చిన్నదేమీ కాదనిపిస్తుంది.

ఓటుతో పాటు పోటీ చేసే హక్కు కూడా ఉన్నచోట వాతావరణం మారుతుంది. ఐర్లాండ్‌లో నైజీరియా నుంచి 2000లో వచ్చిన రోటిమి అడెబారి, 2004లో పోర్ట్‌లీష్ పట్టణ కౌన్సిల్‌కు ఇండిపెండెంట్‌గా గెలిచారు. 2007లో ఆ పట్టణానికి మేయరయ్యారు. ఐర్లాండ్‌కు తొలి నల్లజాతి మేయర్ ఆయనే. తమలాంటి మనిషి పేరు ఓటు పత్రంలో కనిపించినప్పుడు ఆ ఎన్నిక పరాయిదిగా అనిపించదు. జెనీవాలో కవరు ఇంటికే వస్తుంది గానీ, విదేశీయుడికి పోటీ చేసే హక్కు ఇంకా లేదు. నూషాటెల్‌లో మున్సిపల్ స్థాయిలో అది ఉంది.

ఇంతా చేసి వాళ్ళు ఓటు వేస్తే ఊరికి ఒరిగేదేమిటి అన్నది న్యాయమైన ప్రశ్నే. స్వీడన్‌లో ఈ హక్కు వచ్చాక మున్సిపాలిటీల ఖర్చులు ఎలా మారాయో పరిశోధకులు లెక్కగట్టి చూశారు. విదేశీ నివాసులు ఎక్కువగా ఉన్న మున్సిపాలిటీల్లో చదువు మీద, కుటుంబాలకు అవసరమైన సేవల మీద ఖర్చు పెరిగిందని తేలింది. నార్వేలో జరిగిన పరిశోధన ఇంకా ఆసక్తికరం. అక్కడ మూడేళ్ళ నివాసం నియమం ఉంది కాబట్టి, కొద్దిరోజుల తేడాతో కొందరికి ఒక ఎన్నిక అందుతుంది, కొందరికి అందక నాలుగేళ్ళు ఆగాలి. ఈ రెండు గుంపులనూ పోల్చి చూస్తే, తొందరగా ఓటు అందినవాళ్ళు తర్వాతి ఎన్నికల్లో ఎక్కువగా పాల్గొన్నారు. ముఖ్యంగా నియంతృత్వ దేశాల నుంచి, ప్రజాస్వామ్యం బలహీనంగా ఉన్న దేశాల నుంచి వచ్చినవాళ్ళలో ఇది బాగా కనిపించింది. ఓటు అలవాటు లేనివాళ్ళకు ఓటు ఆలస్యంగా ఇవ్వాలనే వాదనకు ఇది నేరుగా ఎదురు నిలుస్తుంది.

"ఓటు కావాలంటే పౌరసత్వం తీసుకోవచ్చు కదా" అనే వాదన బలమైనదే. లక్సెంబర్గ్‌లో 2015లో విదేశీయులకు పార్లమెంటు ఓటు ఇద్దామా అని అడిగితే 78 శాతం మంది వద్దన్నారు. దేశ పాలనకూ పౌరసత్వానికీ ఉన్న ముడి అంత గట్టిది. స్థానిక ఓటు విషయంలోనే కొన్ని దేశాల కోర్టులు అడ్డుపడ్డాయి. జర్మనీలో హాంబర్గ్, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రాలు 1989లో చేసిన చట్టాలను రాజ్యాంగ న్యాయస్థానం 1990లో కొట్టేసింది. ఓటు వేసే ప్రజలంటే జర్మన్ ప్రజలేనని, మున్సిపాలిటీలో కూడా అంతేనని చెప్పింది. వియన్నా నగరం చేసిన ప్రయత్నం 2004లో అలాగే పోయింది. న్యూయార్క్ నగరం 2021 చివర్లో ఎనిమిది లక్షల మందికి పైగా స్థానిక ఓటు ఇస్తూ చేసిన చట్టం ఒక్క ఎన్నికలోనూ అమలు కాకుండానే, 2025 మార్చిలో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానంలో ఓడిపోయింది. వెర్మాంట్ రాష్ట్రంలో మాత్రం మాంట్‌పీలియర్ పట్టణం ఇచ్చిన ఓటును అక్కడి సుప్రీంకోర్టు 2023లో నిలబెట్టింది. ఆయా రాజ్యాంగాల్లో రాసిన మాటలను బట్టే ఈ తీర్పులు ఇలా వేర్వేరుగా వచ్చాయి.

ఎస్టోనియాది మరింత చిక్కు పరిస్థితి. స్వాతంత్ర్యం తిరిగి వచ్చిన కొత్తలోనే, ఏ దేశ పౌరసత్వమూ లేకుండా మిగిలిపోయిన రష్యన్ భాషీయులతో సహా విదేశీ నివాసులందరికీ స్థానిక ఓటు ఇచ్చిన దేశమది. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం తర్వాత భద్రత ప్రశ్న ముందుకొచ్చి, 2025 మార్చిలో రాజ్యాంగం సవరించి రష్యా, బెలారస్ పౌరులతో పాటు యూరోపియన్ యూనియన్ బయటి దేశాలవాళ్ళ ఓటు తీసేసింది. ఏ పౌరసత్వమూ లేనివాళ్ళకు ఆ ఏడాది అక్టోబర్ ఎన్నికే ఆఖరిది. పక్కనే యుద్ధం జరుగుతున్న చిన్న దేశం భయాన్ని కొట్టిపారేయలేం. కానీ ముప్పై ఏళ్ళుగా తన ఊరి కౌన్సిల్‌ను ఎన్నుకుంటూ వచ్చిన వృద్ధుడికి, వేరే ప్రభుత్వం చేసిన తప్పుకు ఓటు పోవడం బాధాకరమే. పౌరసత్వమే దారి అనేవాళ్ళు ఆ దారి ఎంత పొడవుందో, భాషా పరీక్ష ఎంత కష్టమో, సొంత దేశ పౌరసత్వం వదులుకోవాల్సి వస్తుందో లేదో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

హక్కు ఉందనే సంగతే తెలియని చోట్లూ ఉన్నాయి. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న భారతీయ పౌరులు కామన్వెల్త్ పౌరులుగా మున్సిపల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. ఇంటికి వచ్చే ఓటర్ల విచారణ ఫారానికి జవాబు ఇవ్వడం అక్కడ చట్టప్రకారం తప్పనిసరి. ఇంగ్లండ్‌లో 2023 నుంచి పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు అడుగుతున్నారు, దానికి కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్ట్ కూడా చెల్లుతుంది. ఈ సంగతి తెలియక, ఆ ఫారం తమకు కాదనుకుని పక్కన పడేసే విద్యార్థులు, ఉద్యోగులు ఎందరో. స్కాట్లాండ్, వేల్స్ అయితే ఏ దేశం వాళ్ళకైనా ఉండేందుకు చట్టబద్ధమైన అనుమతి ఉంటే స్థానిక ఎన్నికల్లో ఓటు ఇస్తున్నాయి. ఇలాంటి చోట్ల కొత్త చట్టాలు అవసరం లేదు. యూనివర్సిటీలో చేరేటప్పుడు, అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడు, పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు అక్కడి సిబ్బంది ఒక్క మాట చెప్పినా పోస్టర్ల కంటే ఎక్కువ పని జరుగుతుంది.

అమెరికాలో మాత్రం ఈ మాట చెప్పేటప్పుడు జాగ్రత్త తప్పనిసరి. 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, పౌరుడు కానివాడు అధ్యక్ష, కాంగ్రెస్ ఎన్నికల్లో ఓటు వేయడం నేరం. జైలు ఒక్కటే కాదు, దేశం నుంచి పంపించేసే ప్రమాదం కూడా ఉంది. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ దగ్గర ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే తెలియక అవునన్నా, తర్వాత గ్రీన్ కార్డు, పౌరసత్వం రెండూ చిక్కుల్లో పడవచ్చు. పౌరసత్వ దరఖాస్తులో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అనే ప్రశ్న ఉంటుంది. అందుకే టకోమా పార్క్ పౌరులు కాని ఓటర్ల జాబితాను రాష్ట్ర జాబితాలో కలపకుండా పట్టణ కార్యాలయంలోనే విడిగా ఉంచుతుంది. అలాంటి ఊళ్ళలో ప్రచారం చేసేవాళ్ళు, ఏ ఎన్నికకు ఓటు ఉందో, ఏ ఎన్నికకు లేదో ఒకే కాగితం మీద, ఇంటి భాషలో, పెద్ద అక్షరాలతో రాసివ్వాలి. ఓటు వేసినవాళ్ళకు, ఫలానా తేదీన ఫలానా స్థానిక ఎన్నికలో చట్టప్రకారమే వేశారని పట్టణం తరఫున ఒక ధ్రువపత్రం కూడా చేతికి ఇవ్వాలి. పౌరసత్వ ఇంటర్వ్యూలో అధికారి ఆ ప్రశ్న అడిగినప్పుడు చూపించడానికి ఆ కాగితం వాళ్ళ దగ్గర ఉండాలి.